అబార్ట్ అయితే లాగ్ ఫైల్లో చివరి లైన్లు మాయం (పాత సర్వర్‌లో వచ్చేవి, కొత్తదాంట్లో రావట్లేదు)

నైట్‌షిఫ్ట్_నాని
మా దగ్గర పదిహేనేళ్ల కిందటి సీ ప్రోగ్రాం ఒకటుంది. రోజూ రాత్రి రెండింటికి క్రాన్‌లో (చెప్పిన టైముకి పనులు నడిపేది) మొదలై, కరెంటు మీటర్ల రీడింగుల ఫైలు చదివి, ఎవరికి ఎన్ని యూనిట్లు అయ్యాయో లెక్కకట్టి ఇంకో ఫైల్లో రాస్తుంది. కంపెనీ పేరు అడగొద్దు. కోడ్ పెట్టమనీ అడగొద్దు, ఉద్యోగం పోతుంది. రాసినాయన రిటైరయ్యారు.

ఏదో ఒక రికార్డు దగ్గర తేడా వస్తే ప్రోగ్రాం అబార్ట్ అయిపోతుంది (తనంతట తానే ఉన్నపళంగా ఆగిపోతుంది). అది మొదట్నుంచీ ఉన్నదే. లాగ్ తెరిచి చివరి లైను చూస్తే ఏ రికార్డు దగ్గర చచ్చిందో తెలిసేది. దాన్ని సరిచేసి మళ్లీ మొదట్నుంచి నడిపేవాళ్లం. పది నిమిషాల పని.

పోయిన నెల లినక్స్‌లోనే సెంట్‌ఓఎస్ 7 నుంచి ఉబుంటు 22.04కి మారాం. కోడ్ ముట్టుకోలేదు, కొత్త మిషన్ మీద మళ్లీ కంపైల్ చేశామంతే. ఇప్పుడు అబార్ట్ అయితే లాగ్‌లో చివరి లైన్లు ఉండట్లేదు. నిన్న రాత్రి లాగ్ "రికార్డు 31" దగ్గర, అంకె మధ్యలో తెగిపోయింది. మా రికార్డు నంబర్లు ఆరంకెలవి. పై లైనులో 318204 అని ఉంది, అంటే ఆ తర్వాత ఎక్కడో చచ్చింది. ఎక్కడో తెలీదు. తెల్లారుజామున నాలుగు దాటేదాకా ఒక్కో రికార్డూ కళ్లతో చూసుకుంటూ కూర్చున్నా. అయినా దొరకలేదు.

ఎందుకిలా అవుతోంది?

రవి_కాకినాడ
డిస్క్ నిండిపోయిందేమో చూడండి.

నైట్‌షిఫ్ట్_నాని
సగం కూడా నిండలేదండీ. ముందు అదే చూశా.

ఉత్త_పాయింటర్
రాసినాయన రిటైరయ్యేటప్పుడు చివరి లైన్లు కూడా శాలువాలో చుట్టుకుని పట్టుకెళ్లుంటారు.

పాతకాపు
ఆ లాగ్ ఫైలు సైజు ఎంత? 20 కేబీ అని గుండ్రంగా చెప్పొద్దు. బైట్లలో చెప్పండి.

నైట్‌షిఫ్ట్_నాని
20480. రోజూ కొత్త ఫైలే, పాతదానికి కలిపి రాయదు.

పాతకాపు
20480ని 4096తో భాగించండి. సరిగ్గా 5, శేషం సున్నా. దొరికాడు.

మీ ప్రోగ్రాం ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తో రాసే ప్రతి లైనూ వెంటనే ఫైల్లోకి పోదు. ముందు ప్రోగ్రాం సొంత జ్ఞాపకంలోనే ఒక బఫర్‌లో చేరుతుంది. లినక్స్‌లో మామూలు ఫైలుకైతే అది చాలాసార్లు 4096 బైట్లు. నిండాక ఒక్కసారిగా కెర్నల్‌కి (లినక్స్ గుండెకాయ, ఫైళ్లలో నిజంగా రాసేది అదే) అప్పజెబుతుంది. నీళ్ల బిందె నిండాకే మోసుకెళ్లి తొట్టిలో పోసినట్టు. మీవాడు ఐదు బిందెలు పోశాడు, ఆరో బిందె చంకలో ఉండగానే చచ్చాడు. బిందెకి లైన్లతో పని లేదు, అందుకే అంకె మధ్యలో తెగింది.

లైనుకి నలభై అక్షరాలు అనుకున్నా, పోయింది సుమారు వంద లైన్ల లోపే. అంటే 318204 తర్వాత ఒక వంద రికార్డుల్లోనే ఉంది మీ దోషి. ఇవాళ రాత్రి అన్నీ చూడక్కర్లేదు.

నైట్‌షిఫ్ట్_నాని
వంద! నేను రెండు వేలు చూశా మాస్టారూ. అయినా కనపడలేదంటే అది కంటికి తప్పులా కనిపించే రికార్డు కాదన్నమాట.

బీటెక్_బాబు
డౌటు. ప్రోగ్రాం అయిపోయేటప్పుడు ఫైళ్లన్నీ అవే క్లోజ్ అవుతాయని మా సార్ చెప్పారు. ఎఫ్‌క్లోజ్ రాయకపోయినా పర్లేదన్నారు. మరి బిందె ఎందుకు పోయలేదు?

సెమికోలన్
మీ సార్ చెప్పింది మెయిన్ నుంచి రిటర్న్ అయినప్పుడు, లేదా ఎగ్జిట్ పిలిచినప్పుడు. అప్పుడు ఎట్‌ఎగ్జిట్‌తో నమోదు చేసిన ఫంక్షన్లు చివరిది ముందుగా నడుస్తాయి, తర్వాత బఫర్లు ఖాళీ అవుతాయి, ఫైళ్లు మూతపడతాయి, టీఎంపీఫైల్‌తో తెరిచిన తాత్కాలిక ఫైళ్లు చెరిగిపోతాయి. షాపు కట్టేసేవాడు గల్లా లెక్క చూసుకుని, లైట్లాపి, షట్టర్ దించి, తాళం లాగి చూసి మరీ పోయినట్టు.

అబార్ట్ అలా కాదు. తనకు తానే సిగ్‌అబార్ట్ అనే సిగ్నల్ పంపుకుని ఉన్నపళంగా పడిపోతుంది. ఎట్‌ఎగ్జిట్ ఫంక్షన్లు నడవవు. బఫర్లు ఖాళీ చేయాలా వద్దా అన్నది సీ ప్రమాణం తేల్చకుండా అమలు చేసేవాళ్ల ఇష్టానికి వదిలేసింది.

ఇక చచ్చిన ప్రోగ్రాం తెరిచిన ఫైళ్లను కెర్నల్ మూసేస్తుంది, నిజమే. కానీ బిందె ప్రోగ్రాం చంకలో ఉంది. కెర్నల్‌కి ఆ సంగతే తెలీదు.

బీటెక్_బాబు
అక్కా, ఇప్పుడే చేసి చూశా. ప్రింట్‌ఎఫ్‌లో ఒక లైను రాసి, చివర కొత్త లైను గుర్తు పెట్టి, కింద అబార్ట్ పెట్టా. తెర మీద లైను వచ్చింది. అదే ప్రోగ్రాం అవుట్‌పుట్‌ని ఫైల్లోకి మళ్లిస్తే ఫైలు ఖాళీ! సున్నా బైట్లు. కోడ్ ఒకటే!!

సెమికోలన్
తెరకైతే ప్రతి కొత్త లైనుకీ ఖాళీ చేస్తుంది. ఫైలుకో పైపుకో పోతుంటే బిందె నిండేదాకా ఆగుతుంది. తప్పులు చెప్పడానికుండే ఎస్‌టీడీఎర్ర్ అయితే అసలు ఆగదు, ఎప్పటికప్పుడు వదిలేస్తుంది. అందుకే చావు కబుర్లు ఎప్పుడూ అందులోనే రాయాలి.

ఉత్త_పాయింటర్
> తెర మీద లైను వచ్చింది, ఫైల్లో రాలేదు

డెమోలో పనిచేసి క్లయింటు దగ్గర పనిచేయకపోవడం అంటే ఇదే బాబూ. చదువు పూర్తయినట్టే.

నైట్‌షిఫ్ట్_నాని
ఇదంతా సరే. కానీ పాత సర్వర్‌లో ఎందుకొచ్చేది? అప్పుడూ అబార్టే, అప్పుడూ బిందే. పదిహేనేళ్లు చివరి లైను ఠంచనుగా వచ్చింది. కంపైలర్ ఆప్షన్లు కూడా అవే.

రవి_కాకినాడ
పాత సర్వర్ డిస్క్ వేరేలా మౌంట్ చేసుంటారు. సింక్ ఆప్షన్‌తో.

పాతకాపు
మౌంట్‌కీ దీనికీ సంబంధం లేదు రవిగారూ. అది తొట్టి విషయం. మనవాడి నీళ్లు తొట్టి దాకానే రాలేదు.

డల్లాస్_శీను
ఇక్కడ అర్ధరాత్రి, నిద్ర పట్టక చూశా. దీని మీద నేనూ ఒక వారం తగలేశాను కాబట్టి చెప్తున్నా: గ్లిబ్‌సీ మారింది.

లినక్స్‌లో సీ లైబ్రరీ గ్లిబ్‌సీ కదా. 2.26 దాకా వచ్చిన వెర్షన్లలో అబార్ట్ చచ్చే ముందు తెరిచున్న స్ట్రీములన్నీ (అంటే ఫైళ్ల బిందెలన్నీ) ఖాళీ చేసేది. 2018 ఫిబ్రవరిలో 2.27 వచ్చింది, అందులో ఆ పని తీసేశారు. అసర్ట్ (ఇది నిజమై తీరాలని కోడ్‌లో పెట్టే చెక్) విఫలమైనా చివరికి పిలిచేది అబార్ట్‌నే కాబట్టి దానికీ ఇదే గతి. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 2.17. ఉబుంటు 22.04లో 2.35. మీరు ఆ గీత ఇవతలి నుంచి అవతలికి ఒకే దూకు దూకారు. కోడ్ ముట్టుకోలేదంటారు గానీ, కోడ్ కింద నేల మారింది.

నైట్‌షిఫ్ట్_నాని
శీనుగారూ, దండం. మూడు రోజులుగా నన్ను నేనే అనుమానించుకుంటున్నా. మా మేనేజరైతే మైగ్రేషన్‌లో నేనేదో కెలికానని ఫిక్సైపోయాడు.

కానీ ఎందుకు తీసేశారు? బుద్ధిగా పనిచేస్తున్నదాన్ని?

లినక్స్_లక్ష్మి
బుద్ధిగా ఏం కాదు. అబార్ట్ ఎప్పుడొస్తుందో ఆలోచించండి. మీరు పిలిస్తేనే కాదు, ఒకే జ్ఞాపకాన్ని రెండుసార్లు ఫ్రీ చేస్తే లైబ్రరీయే గుర్తుపట్టి అబార్ట్ చేస్తుంది. స్టాక్ చెడితే అప్పుడూ అంతే. అంటే ప్రోగ్రాం లోపలి జ్ఞాపకం అప్పటికే కంపు. ఆ కంపులో ఉన్న బఫర్ని "ఖాళీ చెయ్" అంటే ఏం రాస్తుందో దేవుడికే తెలియాలి. మంచి ఫైల్లో చెత్త పడొచ్చు.

ఇంకోటి లాక్. బఫర్ ఖాళీ చేయాలంటే ఆ స్ట్రీము తాళం తీసుకోవాలి. ఆ తాళం అప్పటికే అదే ప్రోగ్రాంలో పక్కన నడిచే ఇంకో థ్రెడ్ చేతిలో ఉంటే అబార్ట్ అక్కడే నిలబడిపోతుంది. చావాల్సింది చావదు.

మా దగ్గర సరిగ్గా ఇలాంటిదే అయింది, కాకపోతే తప్పు మావాళ్లదే. సిగ్‌అబార్ట్‌కి సొంత హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే నడిచే ఫంక్షన్) రాసి, అందులో ఎఫ్‌ఓపెన్ చేసి "ప్రోగ్రాం ఆగిపోయింది" అని ఫైల్లో రాయబోయారు. ఎఫ్‌ఓపెన్ లోపల మ్యాలక్‌ని (జ్ఞాపకంలో చోటు ఇచ్చే ఫంక్షన్) పిలుస్తుంది. అబార్ట్ వచ్చిందే మ్యాలక్ లోపల్నుంచి, మ్యాలక్ తాళం తన చేతిలోనే పెట్టుకుని. తన తాళం కోసం తానే ఎదురుచూస్తూ కూర్చుంది. పొద్దున ఆరింటికి ఆఫీసుకొచ్చి చూస్తే ప్రాసెస్ బతికే ఉంది, సీపీయూ సున్నా, ప్రాణం లేని ప్రాణి. చచ్చుంటే సర్వీసులు చూసుకునే సిస్టమ్‌డీ రెండు సెకన్లలో మళ్లీ లేపేది. చావలేదు కాబట్టి రాత్రంతా సర్వీసు లేదు.

ఉత్త_పాయింటర్
తాళంచెవి జేబులో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్న పెద్దాయన.

బీటెక్_బాబు
నేను హ్యాండ్లర్ పెట్టి అందులోంచి రిటర్న్ చేస్తే ప్రోగ్రాం బతుకుతుందా? ట్రై క్యాచ్ లాగా?

సెమికోలన్
బతకదు. హ్యాండ్లర్ నడుస్తుంది, అది తిరిగొచ్చాక అబార్ట్ ఆ సిగ్నల్‌ని మామూలు స్థితికి తెచ్చి రెండోసారి పంపుతుంది. సిగ్నల్‌ని పట్టించుకోవద్దని పెట్టినా వినదు, బ్లాక్ చేసినా తీసేస్తుంది. లాంగ్‌జంప్‌తో హ్యాండ్లర్ నుంచి బయటికి దూకితే మాత్రం తప్పించుకోవచ్చు. తప్పించుకుని ఆ కంపు జ్ఞాపకంతో ఏం చేస్తావన్నది నీ ఖర్మ.

నైట్‌షిఫ్ట్_నాని
ఎట్‌ఎగ్జిట్ నడవదు, హ్యాండ్లర్‌లో ఎఫ్‌ఫ్లష్ (బిందె వెంటనే పోయించేది) పెడితే లక్ష్మిగారి కథ. మరి నేనేం చేయాలి? ప్రతి లైను తర్వాతా ఎఫ్‌ఫ్లష్ పెట్టాలంటే ప్రోగ్రాంలో రెండొందల చోట్ల ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ ఉంది.

పాతకాపు
రెండొందల చోట్ల ఎందుకు? లాగ్ ఫైలు తెరిచిన వెంటనే, మొదటి అక్షరం రాయకముందే, సెట్‌వీబఫ్‌తో దాన్ని లైను బఫరింగ్‌లో పెట్టండి. ఒక్క వాక్యం. అప్పట్నుంచి తెరకి రాసినట్టే ప్రతి లైనూ కెర్నల్‌కి చేరుతుంది.

మీరే కావాలని పిలిచే అబార్ట్‌లున్న చోట ఒక సొంత ఫంక్షన్ రాసుకోండి: కారణం ఎస్‌టీడీఎర్ర్‌లో రాసి, లాగ్‌ని ఎఫ్‌ఫ్లష్ చేసి, అబార్ట్ పిలిచేది. అది హ్యాండ్లర్ కాదు, మామూలు కోడ్, కాబట్టి లక్ష్మి చెప్పిన గొడవ ఉండదు. నేను దానికి కాటికి() అని పేరు పెట్టుకున్నా. పదేళ్లుగా వాడుతున్నా.

రవి_కాకినాడ
లైను లైనుకీ రాస్తే స్లో అవదా? ఎఫ్‌సింక్ కూడా కావాలేమో?

పాతకాపు
కెర్నల్ దగ్గరున్నది డిస్క్ మీదికి చేర్చే ఎఫ్‌సింక్ కరెంటు పోతేనో మిషనే పడిపోతేనో కావాలి. ప్రోగ్రాం ఒక్కటే చస్తే అక్కర్లేదు. కెర్నల్ చేతికి చేరిందంటే ప్రోగ్రాం చావుతో అది పోదు. ఇక స్లో అంటారా, రాత్రి రెండింటికి నడిచేదానికి తొందరేంటి?

లినక్స్_లక్ష్మి
నానిగారూ, లాగ్ ఎందుకసలు, కోర్ ఫైలు ఉండాలి కదా? అబార్ట్ అయితే కోర్ డంప్ (చచ్చే క్షణంలో ప్రోగ్రాం జ్ఞాపకం నకలు) వస్తుంది. డీబగ్గర్ జీడీబీలో తెరిస్తే ఏ రికార్డో అదే చెప్తుంది.

నైట్‌షిఫ్ట్_నాని
చేత్తో నడిపితే తెర మీద "అబార్టెడ్, కోర్ డంప్డ్" అని వస్తుందండీ. కానీ ఫోల్డర్ అంతా వెతికినా కోర్ అనే ఫైలే లేదు. అబద్ధమాడుతోందా?

లినక్స్_లక్ష్మి
అబద్ధం కాదు. ప్రోక్ కింద సిస్, దాని కింద కెర్నల్ ఫోల్డర్లో కోర్_ప్యాటర్న్ అనే ఫైలు చూడండి. అందులో మొదటి అక్షరం నిలువు గీత అయితే కెర్నల్ కోర్‌ని ఫైల్లో రాయకుండా ఆ పక్కనున్న ప్రోగ్రాం చేతిలో పెడుతుంది. ఉబుంటులో అది అపోర్ట్. మీ ప్రోగ్రాం ఉబుంటు ప్యాకేజీ కాదు కాబట్టి పట్టించుకోవట్లేదని అపోర్ట్ తన లాగ్‌లో రాసుకుని ఉంటుంది, చూడండి. షెల్‌లో యూలిమిట్ మైనస్ సీ అన్‌లిమిటెడ్ అని పెట్టి నడపండి, వార్ కింద లిబ్, అపోర్ట్, కోర్‌డంప్ ఫోల్డర్లో దొరుకుతుంది. క్రాన్‌లో నడిచేదైతే ఆ యూలిమిట్ లైను మీ స్క్రిప్టులోనే పెట్టాలి. డీబగ్ సమాచారం చేరేలా మైనస్ జీతో కంపైల్ చేయడం మర్చిపోకండి.

బీటెక్_బాబు
కోర్ అంటే ఏంటి అసలు? సీపీయూ కోరా?

పాతకాపు
కాదు. ఒకప్పుడు కంప్యూటర్ జ్ఞాపకం అంటే తీగలకు గుచ్చిన చిన్న చిన్న అయస్కాంతపు రింగులు. ఒక్కో రింగుని కోర్ అనేవాళ్లు. ప్రోగ్రాం చచ్చినప్పుడు ఆ జ్ఞాపకం మొత్తం బయట కుమ్మరించేవాళ్లు. రింగులు పోయాయి, పేరుండిపోయింది. సిగ్‌అబార్ట్ నంబరు 6 కూడా పాత బాపతే. దానికి సిగ్‌ఐఓటీ అని ఇంకో పేరుంది. పీడీపీ-11 అనే పాత కంప్యూటర్‌లో ఐఓటీ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉండేది, దాని గుర్తు.

సెమికోలన్
అందరూ బఫర్ దగ్గరే ఆగిపోయారు గానీ నా గొడవ వేరు. ఒక రికార్డు బాగోకపోతే ప్రోగ్రాం మొత్తం అబార్ట్ ఏంటి? అబార్ట్ ఉన్నది "నా కోడ్‌లోనే తప్పుంది, ఇక నన్ను నేనే నమ్మలేను" అన్నప్పుడు. బయట్నుంచి వచ్చిన డేటా తప్పయితే అది నీ తప్పు కాదు. ఆ రికార్డు పక్కన పెట్టు, రాసుకో, ముందుకి పో, చివర్లో ఎగ్జిట్ ఫెయిల్యూర్ ఇవ్వు. ఒక ఇడ్లీ మాడిందని హోటల్ మూసేస్తారా?

పాతకాపు
ఇడ్లీ కాదు తల్లీ, ఇది జనాల కరెంటు బిల్లు. తప్పు లెక్కతో ముందుకి పోవడం కంటే ఆగిపోవడమే నయం. మాడిన ఇడ్లీని వినియోగదారుడి ప్లేటులో వేసేవాళ్లని చాలామందిని చూశా.

సెమికోలన్
ఆగిపోవద్దని నేననలేదు. ఆగే పద్ధతి ఉంటుంది అంటున్నా. అసర్ట్‌ని డేటా చెక్ చేయడానికి వాడితే ఇంకో ప్రమాదం: ఎవరైనా ఎన్‌డీబగ్ పెట్టి కంపైల్ చేస్తే అసర్ట్‌లన్నీ మాయం. మా దగ్గర ఒకడు ఫైలు తెరిచే పనినే అసర్ట్ బ్రాకెట్లలో పెట్టాడు. టెస్టింగ్‌లో బంగారం. రిలీజ్ బిల్డ్‌లో అసర్ట్‌తో పాటు ఫైలు తెరవడమూ పోయింది.

డల్లాస్_శీను
ఏది పడితే అది ఆపేయడమూ మంచిది కాదు. 1996 జూన్ 4న ఏరియన్ 5 మొదటి రాకెట్ గుర్తుందా? 64 బిట్ల సంఖ్యని 16 బిట్లలో కుక్కబోతే పట్టలేదు, దిశ చెప్పే కంప్యూటర్ ఆగిపోయింది. దాని జోడీ కూడా అదే కోడ్, అదీ ఆగిపోయింది. సుమారు 37 సెకన్లలో కథ కంచికి.

రవి_కాకినాడ
అది సీ కాదు, ఏడా భాష.

డల్లాస్_శీను
భాష ఏదైతేనేం రవిగారూ, చావు ఒకటే.

ఉత్త_పాయింటర్
రవిగారికి ఈ థ్రెడ్‌లో మొదటి కరెక్ట్ ఆన్సర్. చప్పట్లు.

రవి_కాకినాడ
నవ్వండి నవ్వండి. నాకూ ఒక అనుభవం ఉంది, వినండి. మా పాత ఆఫీసులో ఒక ప్రోగ్రాం ఎన్ని రికార్డులు తప్పో ఆ సంఖ్యనే ఎగ్జిట్‌కి ఇచ్చేది. సున్నా అయితే అంతా ఓకే, పై స్క్రిప్టు ముందుకి పోతుంది. ఏళ్ల తరబడి బానే ఉంది. ఒకరోజు సరిగ్గా 256 తప్పులొచ్చాయి. ఎగ్జిట్ స్టేటస్‌లో బయటికి చేరేది కింది 8 బిట్లే. 256 కాస్తా సున్నా అయింది. మెయిల్ వచ్చింది: విజయవంతం.

ఉత్త_పాయింటర్
చప్పట్లు వెనక్కి తీసుకోను. ఇంకో రెండు కొడతా.

లినక్స్_లక్ష్మి
రవిగారు మంచి మాట గుర్తుచేశారు. నానిగారూ, మీ క్రాన్ స్క్రిప్టు ఎగ్జిట్ స్టేటస్ చూస్తుందా? అబార్ట్ అయితే షెల్‌కి 134 కనిపిస్తుంది. 128కి సిగ్నల్ నంబరు 6 కలిపితే వచ్చేది. సెగ్మెంటేషన్ ఫాల్ట్‌కి 11 కలిపి 139. ఎవరైనా కిల్ మైనస్ 9 కొడితే 137.

నైట్‌షిఫ్ట్_నాని
చూస్తుంది. "1 అయితే ఫెయిల్, లేకపోతే ఓకే" అని ఉంది.

అంటే 134 ఓకేనా?

లినక్స్_లక్ష్మి
మీ స్క్రిప్టు దృష్టిలో ఓకే.

పాతకాపు
నానీ, నాకిప్పుడు వేరే భయం పట్టుకుంది. లాగ్ సంగతి అలా ఉంచు. యూనిట్లు లెక్కకట్టి రాసే అవుట్‌పుట్ ఫైలు ఉందన్నావు. అదీ ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తోనే రాస్తుందా? దాని సైజెంత?

ఉత్త_పాయింటర్
…

ఉత్త_పాయింటర్
నాని రావట్లేదేంటి. టెన్షన్ పెట్టకు నాయనా.

నైట్‌షిఫ్ట్_నాని
16384.

పాతకాపు
నాలుగు బిందెలు.

నైట్‌షిఫ్ట్_నాని
సారీ, నిన్న మళ్లీ రాలేకపోయా. జరిగింది ఇది.

మా ప్రోగ్రాం రాసిన ఫైలుని నాలుగింటికి ఇంకో జాబ్ వచ్చి తీసుకుంటుంది. పాత సర్వర్‌లో పది నిమిషాల్లో దోషిని పట్టుకుని మళ్లీ నడిపేవాళ్లం కాబట్టి నాలుగింటికల్లా ఫైలు పూర్తిగా ఉండేది. ఆ రోజు నేను నాలుగు దాటేదాకా కళ్లు కాయలు కాచేలా చూస్తూ కూర్చున్నా కదా. స్క్రిప్టు 134ని ఓకే అంది. ఆ జాబ్ ఠంచనుగా నాలుగింటికి వచ్చి తెగిన ఫైలుని పట్టుకుపోయింది.

చివరి రికార్డులో యూనిట్లు 96 ఉండాలి. ఫైల్లో 9 ఉంది. 6 బిందెలో ఉండిపోయింది. 9 కూడా అంకే కదా, అవతలి ప్రోగ్రాంకి అనుమానమే రాలేదు. మిగతా రికార్డులు అసలే లేవు, కానీ ఎన్ని రావాలో అది లెక్కపెట్టదు. అదృష్టం బాగుండి బిల్లులు సోమవారం ప్రింటవుతాయి. ఆపించాం. మేనేజర్ ఇప్పుడు నేనేం కెలికానని అడగట్లేదు, ఎలా కనిపెట్టావని అడుగుతున్నాడు. మీ పేర్లు చెప్పలేదు, క్షమించాలి.

ఉత్త_పాయింటర్
ఆ 9 యూనిట్లాయన సంతోషాన్ని చెడగొట్టారు.

సెమికోలన్
దోషి రికార్డు దొరికిందా?

నైట్‌షిఫ్ట్_నాని
దొరికింది, లక్ష్మిగారు చెప్పినట్టు కోర్ తీసి. జీడీబీలో బీటీ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపేది) కొట్టా. పై నాలుగైదు ఫ్రేములూ గ్లిబ్‌సీవే: రైజ్, అబార్ట్, అసర్ట్ ఫెయిల్ అంటూ. వాటి కింద మా ఫంక్షన్, 412వ లైను. ఆ ఫ్రేముకి వెళ్లి వేరియబుల్స్ ప్రింట్ చేశా. పాత రీడింగు 99871. కొత్త రీడింగు 13. అసర్ట్‌లో ఉన్నది: కొత్తది పాతదానికంటే తక్కువ కాకూడదు.

ముందు మీటరు మార్చారేమో అనుకున్నా. కాదు. అది ఐదంకెల పాత చక్రాల మీటరు. 99999 దాటి మళ్లీ సున్నా నుంచి తిరిగింది. 129 ప్లస్ 13, మొత్తం 142 యూనిట్లు. శుభ్రమైన రికార్డు. అందుకే రెండు వేలు చూసినా నా కంటికి తప్పులా కనపడలేదు.

రిటైరైనాయనకి ఫోన్ చేశా. "ఆఁ, ఏడాదికి రెండు మూడు వస్తాయి, నా నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి, చేత్తో లక్ష కలిపి నడిపేవాణ్ణి" అన్నారు. నోట్‌బుక్ ఇంట్లోనే ఉందట.

సెమికోలన్
చూశారా పాతకాపుగారూ. డేటాలోనూ తప్పు లేదు, కోడ్ అనుకున్నదే తప్పు. అసర్ట్ పెట్టాల్సిన చోటే కాదు అది.

పాతకాపు
ఒప్పుకుంటున్నా, ఆ ఒక్క అసర్ట్ వరకు. కానీ అది ఆగి ఉండకపోతే మైనస్ 99858 యూనిట్లకి బిల్లు వెళ్లేది. ఆగినందుకేగా ఇన్నాళ్లూ ఎవరో ఒకరు చూశారు.

సెమికోలన్
ఏడాదికి మూడుసార్లు చేత్తో లక్ష కలపడాన్ని "చూశారు" అనరు.

లినక్స్_లక్ష్మి
మీరిద్దరూ తర్వాత కొట్టుకోండి. నానిగారూ, అవుట్‌పుట్‌కి లైను బఫరింగ్ పెట్టి ఊరుకోకండి. అప్పుడు లైన్లు తెగవు గానీ ఫైలు సగంలో ఆగేది ఆగుతూనే ఉంటుంది. వేరే పేరుతో రాసి, అంతా అయ్యాక ఎఫ్‌క్లోజ్ ఏం రిటర్న్ చేసిందో కూడా చూసి, ఆఖర్న రీనేమ్ చేయండి. మధ్యలో ఎలా చచ్చినా నాలుగింటి జాబ్‌కి అసలు పేరుతో ఫైలే కనపడదు. రెండు పేర్లూ ఒకే ఫైల్‌సిస్టమ్‌లో ఉండాలి, లేకపోతే రీనేమ్ పనిచేయదు. స్క్రిప్టులో కూడా సున్నా కానిదంతా ఫెయిల్ అని మార్చండి.

నైట్‌షిఫ్ట్_నాని
స్క్రిప్టు మార్చేశా. లాగ్‌కి సెట్‌వీబఫ్ పెట్టా, టైములో తేడా ఏమీ తెలియట్లేదు. మీటరు తిరిగే లెక్క రాసి టెస్టింగ్‌కి ఇచ్చా. రీనేమ్ రేపు చేస్తా. అసర్ట్‌లు ఇంకా 37 ఉన్నాయి, ఒక్కోటి తెరిచి అది డేటా గురించా, కోడ్ గురించా అని చూస్తున్నా. నోట్‌బుక్ తెచ్చుకోవడానికి ఆదివారం ఆయనింటికి వెళ్తున్నా.

ఉత్త_పాయింటర్
శాలువా కూడా అడుగు.

బీటెక్_బాబు
ఎల్లుండి ల్యాబ్ ఎగ్జామ్ నాకు. ఎగ్జిట్‌కీ అబార్ట్‌కీ తేడా ఏంటని మా సీనియర్‌ని వైవాలో అడిగారట, "స్పెల్లింగ్" అని చెప్పాడట. నేను బిందె కథ చెప్పి, అబార్ట్ అయితే 134 వస్తుందని చెప్తే ఎక్స్‌టర్నల్ ఫుల్ మార్కులు వేస్తాడా?

పాతకాపు
మీ ల్యాబ్‌లో లినక్సా, డాస్‌బాక్స్‌లో నీలం తెర టర్బో సీయా?

బీటెక్_బాబు
నీలం తెరే మాస్టారూ. చివర గెట్‌సీహెచ్ పెట్టకపోతే అవుట్‌పుట్ కనపడనిది.

పాతకాపు
అయితే 134 అనకు. అక్కడ "అబ్నార్మల్ ప్రోగ్రామ్ టెర్మినేషన్" అని ఒక లైను చూపించి 3 ఇస్తుంది.